ఎం33కి హైడ్రోజన్ ఆల్ఫా కలిపితే గెలాక్సీ మొత్తం ఎర్రబడుతోంది: ఎందుకు, ఏం చేయాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో. రాయగడలో మీ డాబా మీంచి, వెన్నెల ఉన్న రాత్రుల్లో, కలర్ కెమెరాకి హైడ్రోజన్ ఆల్ఫా అనే ఎరుపు వెలుగునీ, ఆక్సిజన్ వెలుగునీ మాత్రమే వదిలే 7 నానోమీటర్ల డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టి ఎం33 గెలాక్సీని 300 సెకన్ల సబ్‌లతో (విడివిడి ఫొటోలతో) తీశావు. అమావాస్య దగ్గర పడ్డాక కాశీపూర్ వైపు మీ మావయ్యగారి ఊరికి వెళ్లి, అదే కెమెరాతో ఫిల్టర్ లేకుండా 60 సెకన్ల సబ్‌లు తీశావు. ఇంటికొచ్చి హైడ్రోజన్ ఆల్ఫా స్టాక్‌ని (సబ్‌లన్నీ కలిపిన చిత్రాన్ని) రెడ్ మీద ‘లైటెన్’తో, అంటే రెండింట్లో ఎక్కువ వెలుగున్నది నిలిచేలా కలిపావు, దాన్నే లూమినెన్స్‌గా, అంటే చిత్రం మొత్తానికి వెలుగునీడలు ఇచ్చే పొరగా కూడా వాడావు, చివర్లో కలర్ కాలిబ్రేషన్ చేశావు. గెలాక్సీ అంతా ఇటుక రంగుకి తిరిగింది, స్పైరల్ భుజాల్లో నీలం పోయింది, నక్షత్రాల చుట్టూ ఎర్ర రింగులు వచ్చాయి. ఇక నువ్వు అడిగింది: హైడ్రోజన్ ఆల్ఫాని ఎంత శాతం కలపాలి?

ఒరియా బడిలో చదివాను, తెలుగులో తప్పులుంటే క్షమించండి అని కూడా రాశావు. ఇక్కడ పర్లాకిమిడిలో మేమూ అలా చదివినవాళ్లమే. నీ తెలుగు శుభ్రంగా ఉంది, ప్రశ్న ఇంకా శుభ్రంగా ఉంది.

శాతం సంగతి చివర్లో చూద్దాం. ఇప్పుడు నువ్వు కలుపుతున్నది హైడ్రోజన్ ఆల్ఫా ఒక్కటే కాదు, అసలు తేడా అక్కడ వస్తోంది. ఫిల్టర్ మీద ఆ పేరు రాసి ఉన్నంత మాత్రాన స్టాక్‌లో హైడ్రోజన్ వెలుగు ఒక్కటే ఉండదు. 656.3 నానోమీటర్ల దగ్గర వాయువు ఇచ్చే గీతతో (ఒకే తరంగదైర్ఘ్యపు వెలుగుతో) పాటు, ఆ 7 నానోమీటర్ల కిటికీలోంచి నక్షత్రాల మామూలు వెలుగు కూడా లోపలికొస్తుంది. దాన్ని కంటిన్యువమ్ అంటారు. ఎం33 లాంటి గెలాక్సీలో వాయువు ముద్దలు అక్కడక్కడా ఉంటాయి, నక్షత్రాల వెలుగు మాత్రం డిస్క్ అంతా పరుచుకుని ఉంటుంది. నువ్వు స్టాక్ మొత్తాన్ని రెడ్‌లో వేసేసరికి ఆ నక్షత్రాల వెలుగు కూడా రెడ్‌ని పెంచింది. గ్రీన్‌ని, బ్లూని పెంచలేదు. గెలాక్సీ ఎర్రబడక ఏమవుతుంది?

కాబట్టి వాయువు వెలుగును విడిగా తీసి, అది మాత్రమే కలపాలి. రంగు, నక్షత్రాలు, గెలాక్సీ ఆకారం, ఇవన్నీ బ్రాడ్‌బ్యాండ్‌కే (ఫిల్టర్ లేకుండా తీసినదానికే) వదిలెయ్. నారోబ్యాండ్ (ఫిల్టర్‌తో తీసినది) దగ్గర్నుంచి మనకి కావలసింది బ్రాడ్‌బ్యాండ్‌లో మసకగా ఉన్న వాయువు ఒక్కటే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా సెట్టింగులన్నీ దానంతట అవే దారిలో పడతాయి.

రెడ్ ఛానెల్ చూసే వెడల్పు సుమారు 100 నానోమీటర్లు అనుకుందాం. ఫిల్టర్ వెడల్పు 7. అంటే ఒకే ఎక్స్‌పోజర్ అయితే, రెడ్‌లో పడిన నక్షత్రాల వెలుగులో దాదాపు 0.07 వంతు హైడ్రోజన్ ఆల్ఫాలో పడుతుంది. నీ సబ్‌లు 300 సెకన్లు, 60 సెకన్లు, అంటే అయిదు రెట్లు తేడా. 0.07ని 5తో గుణిస్తే 0.35. రెడ్ నుంచి ఈ వంతు తీసుకుని హైడ్రోజన్ ఆల్ఫా నుంచి తీసేస్తే మిగిలేది వాయువే. సూత్రంగా రాస్తే:

శుద్ధ ఆల్ఫా = (ఆల్ఫా − ఆల్ఫా నేపథ్యం) − కె × (రెడ్ − రెడ్ నేపథ్యం)

ఇక్కడ కె అంటే ఆ 0.35 లాంటి అంకె. పిక్స్‌ఇన్‌సైట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నారోబ్యాండ్-ఆర్‌జీబీ కలిపే స్క్రిప్ట్ బ్యాండ్ వెడల్పులు అడిగేది ఈ లెక్క కోసమే. కానీ లెక్కకట్టిన కె మీద నాకు నమ్మకం తక్కువ. ఫిల్టర్ ఎంత వెలుగు పంపుతుంది, సెన్సర్ ఎక్కడ ఎంత స్పందిస్తుంది, ఆ రాత్రి గాలి ఎంత శుభ్రంగా ఉంది, అన్నీ దాన్ని మారుస్తాయి. కె నీ సొంత స్టాక్‌ల మీదే కొలుచుకో. పది నిమిషాల పని.

కొలిచే ముందు మూడు పనులు అయిపోయి ఉండాలి. డ్యూయల్ బ్యాండ్ సబ్‌లని డీబేయర్ చేయకుండా (కలర్ చిత్రంగా మార్చకుండా) సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఆల్ఫా-ఓత్రీ (ఓత్రీ అంటే ఆక్సిజన్ త్రీ) ఎక్‌స్ట్రాక్షన్‌తో విడదీయాలి. రెడ్ పిక్సెళ్లు నాలుగింట ఒక వంతే కాబట్టి ఆల్ఫా సగం సైజులో వస్తుంది, దాన్ని రీశాంపుల్ చేసి, అన్ని స్టాక్‌లనీ ఒకే రిఫరెన్స్ ఫ్రేమ్‌కి రిజిస్టర్ చెయ్ (నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పడేలా సర్దు). గ్రేడియంట్‌ని (ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే ఆకాశపు వెలుగుని) దేనికది విడిగా తీసెయ్, గ్రాఎక్స్‌పర్ట్ సాఫ్ట్‌వేర్ అయినా సరే, సిరిల్‌ది అయినా సరే. డాబా మీంచి తీసిన దానికి వెన్నెల గ్రేడియంట్, ఊళ్లో తీసిన దానికి దూరంగా ఉన్న టౌన్ వెలుగు గ్రేడియంట్ ఉంటాయి, రెండూ ఒకే దిక్కున ఉండవు, కలిపాక తీయాలంటే కుదరదు. మూడోది, నువ్వు చివర్లో చేసిన కలర్ కాలిబ్రేషన్ ఇక్కడ, ఇప్పుడే, బ్రాడ్‌బ్యాండ్ ఒక్కదానికే చేయాలి. ఆ పద్ధతి నక్షత్రాల అసలు రంగును కేటలాగ్‌లో చూసి మన చిత్రంలో రంగుతో పోల్చుకుంటుంది. రెడ్‌లో అప్పటికే ఆల్ఫా కలిసి ఉంటే అది ఏ నక్షత్రాన్ని నమ్మాలి? పైగా కాలిబ్రేషన్ రెడ్‌ని ఒక అంకెతో గుణిస్తుంది కాబట్టి, కె కూడా కాలిబ్రేషన్ అయిన రెడ్ మీదే కొలవాలి.

ఇవన్నీ చిత్రం లీనియర్‌గా (కెమెరా కొలిచిన వెలుగు నిష్పత్తులు మారకుండా) ఉన్నప్పుడే. స్ట్రెచ్ చేశాక (మసక భాగాలు కనిపించేలా వెలుగు పెంచాక) ఈ తీసివేతకి అర్థం లేదు, ఎందుకంటే ఒక్కో వెలుగు స్థాయిలో కె ఒక్కోలా మారిపోతుంది.

ఇక కొలత. శాచురేట్ కాని (వెలుగు కెమెరా గరిష్ఠాన్ని తాకని) ఒక మధ్యరకం నక్షత్రం చూసుకుని దాని చుట్టూ చిన్న పెట్టె గీయి. రెండు స్టాక్‌లలోనూ అదే చోట, అదే సైజు. సగటు విలువ రాసుకో. పక్కన ఏమీ లేని చీకటి మీద అంతే పెట్టె గీసి అదీ రాసుకో. ఉదాహరణకి ఇలా వచ్చాయనుకో: ఖాళీ ఆకాశం రెడ్‌లో 0.0100, ఆల్ఫాలో 0.0060. నక్షత్రం రెడ్‌లో 0.0500, ఆల్ఫాలో 0.0200. నేపథ్యం తీసేస్తే నక్షత్రానికి రెడ్‌లో 0.0400, ఆల్ఫాలో 0.0140 మిగిలాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.35. అదే నీ కె.

ఇప్పుడు ఒక వాయువు ముద్ద మీద చూద్దాం. ఎన్‌జీసీ 604 తీసుకో. ఎం33లో అన్నిటికంటే పెద్ద హైడ్రోజన్ మేఘం అది, దాని వెడల్పే దాదాపు 1,500 కాంతి సంవత్సరాలు. దాని అంచున ఒక మసక చోట రెడ్ 0.0140, ఆల్ఫా 0.0214 ఉన్నాయనుకో. నేపథ్యం పోగా 0.0040, 0.0154. ఆల్ఫాలో నక్షత్రాల వాటా 0.35 × 0.0040 = 0.0014. శుద్ధ ఆల్ఫా 0.0140. అదే నక్షత్రం మీద ఈ లెక్క వేస్తే సున్నా వస్తుంది. డిస్క్ మీద వేసినా సున్నాకి దగ్గరగా వస్తుంది. చూశావా, ఒకే తీసివేతలో నక్షత్రాలూ పోయాయి, డిస్కూ పోయింది, వాయువు మాత్రం నిలబడింది.

ఒక నక్షత్రంతో తృప్తి పడకు. డజను తీసుకుని మధ్య విలువ వాడు. పసుపు, తెలుపు-పసుపు నక్షత్రాలు మంచివి. ‘ఏ’ తరగతి తెల్ల నక్షత్రాలు వద్దు, వాటి వాతావరణంలో హైడ్రోజన్ సరిగ్గా ఈ 656.3 దగ్గరే వెలుగును మింగేస్తుంది కాబట్టి కె తక్కువ చూపిస్తాయి. బాగా ఎర్రవి కూడా వద్దు. అంకె వచ్చాక అసలు పరీక్ష కంటితో. శుద్ధ ఆల్ఫాని తాత్కాలికంగా ఆటో స్ట్రెచ్‌లో చూడు. డిస్క్ ఇంకా పొగలా కనిపిస్తే కె చాల్లేదు. డిస్క్ ఉండాల్సిన చోట నేపథ్యం కంటే నల్లటి గుంట కనిపిస్తే కె ఎక్కువైంది. డిస్క్ నేపథ్యంలో కలిసిపోయి, భుజాల వెంట వాయువు చుక్కలు మాత్రం తేలాలి. ఆ చిత్రం మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు కలిగే సంతోషం వేరు. గెలాక్సీలో ఇప్పుడు నక్షత్రాలు పుడుతున్న చోట్లు మాత్రమే మిగులుతాయి.

ఇప్పుడు నీ రింగుల సంగతి. ఆల్ఫా సగం సైజు నుంచి పెంచినది కదా, అందులో నక్షత్రాలు కాస్త లావుగా ఉంటాయి. రెడ్‌లో సన్నగా ఉంటాయి. లైటెన్‌తో కలిపితే ఆ లావు అంచులు రెడ్‌లోకి వచ్చేస్తాయి, అవే నీ రింగులు. తీసివేతలో కూడా మధ్యలో పోయి చుట్టూ మిగిలి, మళ్లీ రింగే వస్తుంది. నక్షత్రం సగం వెలుగు దగ్గర ఉండే వెడల్పును రెండు స్టాక్‌లలోనూ చూడు, సిరిల్‌లో ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అని చూపిస్తుంది. ఆల్ఫాలో 3.6 పిక్సెళ్లు, రెడ్‌లో 3.0 ఉంటే, 3.6 వర్గం లోంచి 3.0 వర్గం తీసి, వర్గమూలం కట్టి, 2.355తో భాగిస్తే దాదాపు 0.85 వస్తుంది. అంత సిగ్మాతో (బ్లర్ వెడల్పు అంకెతో) రెడ్‌కి గాసియన్ బ్లర్ ఇవ్వు. తీసివేతకి వాడే రెడ్ కాపీకి మాత్రమే సుమా! అసలు రెడ్‌ని ముట్టుకోకు.

మరి ముందే స్టార్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నక్షత్రాలు తీసేస్తే గొడవే ఉండదు కదా అని నీకు అనిపించవచ్చు. నెబ్యులాలకి (మన గెలాక్సీలోని వాయువు మేఘాలకి) అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎం33కి మాత్రం నేను వద్దంటాను. దాదాపు 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న చిన్న హైడ్రోజన్ మేఘాలు మన స్టాక్‌లో నక్షత్రాల్లాగే చుక్కలుగా కనిపిస్తాయి. స్టార్‌నెట్ వాటిని నక్షత్రాలనుకుని ఊడ్చేస్తుంది. ఏది చూపించాలని ఇన్ని రాత్రులు కూర్చున్నావో అదే పోతుంది. పై తీసివేత అలా చేయదు, ఎందుకంటే అది ఆకారం చూడదు, వెలుగు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత ఉందో చూస్తుంది.

బాగా వెలిగే, రెడ్‌లో శాచురేట్ అయిన నక్షత్రాలకి మాత్రం ఈ లెక్క పనిచేయదు. రెడ్ 1 దగ్గర ఆగిపోతుంది కాబట్టి తీసెయ్యాల్సినంత తీయలేదు, ఎర్రటి మచ్చ మిగులుతుంది. వాటికి ఒక స్టార్ మాస్క్ (నక్షత్రాల చోట్లనే ఎంచే పొర) వేసి శుద్ధ ఆల్ఫాలో ఆ చోట్లు సున్నా చేసెయ్. ఎం33 ఫీల్డులో అలాంటివి కొన్నే ఉంటాయి, చేత్తో చేసినా అరగంట.

ఇక శాతం. కొత్త రెడ్ = రెడ్ + క్యూ × శుద్ధ ఆల్ఫా. క్యూ ఎంత? పైన ఎన్‌జీసీ 604 అంచున రెడ్‌లో ఉన్న 0.0040లో వాయువు వాటా దాదాపు 0.0030. శుద్ధ ఆల్ఫా 0.0140. క్యూ 0.2 పెడితే 0.0028 కలుస్తుంది, అంటే వాయువు దాదాపు రెట్టింపు అవుతుంది. క్యూ 1 పెడితే రెడ్ 0.0040 నుంచి 0.0180కి, నాలుగున్నర రెట్లకి దూకుతుంది, గెలాక్సీ మీద ఎర్ర ఇంకు చుక్కలు చల్లినట్టు ఉంటుంది. నీ డేటాకి 0.2 దగ్గర మొదలుపెట్టి 0.4 దాటకుండా ఆగు. వేరేవాళ్ల క్యూ నీకు పనికిరాదు, వాళ్ల సబ్‌ల నిడివి వేరు. వాయువు ఎన్ని రెట్లయింది అన్నది చూసుకో, ఆ అంకె ఎవరి డేటాకైనా ఒకటే అర్థం ఇస్తుంది. నాకు రెండు నుంచి మూడు రెట్లు ఇష్టం.

కలిపే ముందు శుద్ధ ఆల్ఫాలో నాయిస్ తగ్గించు, ఇక్కడ మొహమాటం అక్కర్లేదు, గట్టిగానే తగ్గించు. సన్నని వివరాలు బ్రాడ్‌బ్యాండ్ ఇస్తుంది. కానీ సున్నా కంటే తక్కువ వచ్చిన పిక్సెళ్లను ఊరికే కత్తిరించేస్తే, నాయిస్‌లో పై సగం మాత్రమే మిగిలి నేపథ్యమంతా లేత ఎరుపు ఎక్కుతుంది. నాయిస్‌కి రెండు మూడు సిగ్మాల (దాని మామూలు ఊగిసలాటకి రెండు మూడు రెట్ల) పైన ఉన్నది మాత్రమే మెల్లగా లోపలికి వచ్చేలా మాస్క్ వాడు.

ఒక్క రెడ్‌లోనే కలిపితే వాయువు రంగు ముదురు ఎరుపుగా, బండగా ఉంటుంది. నిజంగా హైడ్రోజన్ మేఘం వెలుగులో 486.1 నానోమీటర్ల దగ్గర బీటా గీత కూడా ఉంటుంది, నీలం వైపు. మామూలు నెబ్యులా పరిస్థితుల్లో ఆల్ఫా దానికి 2.86 రెట్లు. మధ్యలో ధూళి ఉంటే బీటా ఇంకా తగ్గుతుంది. అందుకని రెడ్‌లో కలిపినదాంట్లో అయిదో వంతు బ్లూలో కూడా కలుపు. ఎరుపు కాస్తా గులాబీ అవుతుంది. ఇది అందం కోసం చేసే మాయ కాదు, అసలు మేఘంలో ఉన్నదే.

ఆల్ఫాని లూమినెన్స్‌గా వాడటం మానెయ్. గెలాక్సీలకి అసలే వద్దు. వాయువు లేని చోట అది చీకటి, నీలి నక్షత్రాల గుంపుల వెలుగంతా తొక్కేస్తుంది. నీ భుజాల్లో నీలం పోయింది అందుకే.

ఆక్సిజన్ త్రీకి కూడా ఇదే పద్ధతి. దాని గీతలు 495.9, 500.7 దగ్గర, అంటే గ్రీన్, బ్లూ ఛానెళ్లు కలుసుకునే చోట. కాబట్టి తీసివేతకి గ్రీన్, బ్లూల సగటు వాడు, కె మళ్లీ కొలువు, ఫలితాన్ని రెండింటిలోనూ కలుపు. ఈ తీసివేతతో ఎంత దొరుకుతుందో తెలియాలంటే ఆండ్రోమెడా గెలాక్సీ (ఎం31) పక్కన ఉన్న ఆక్సిజన్ చాపం చూడు. ఎం31ని మనుషులు శతాబ్దానికి పైగా ఫొటోలు తీస్తున్నారు. 2022లో డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అనే అమెచ్యూర్లు ఆక్సిజన్ ఫిల్టర్‌తో గంటల తరబడి తీసి, దాని పక్కనే అంత పెద్ద మేఘాన్ని పట్టుకున్నారు. 2023 జనవరిలో ప్రచురించారు. అంతకుముందు అది ఎవరి కంటా పడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గెలాక్సీ మనవైపో, దూరంగానో కదులుతుంటే గీత జరుగుతుంది. సెకనుకి 1,000 కిలోమీటర్లకి దాదాపు 2.2 నానోమీటర్లు. ఎం33 మనవైపు సెకనుకి సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, జరిగేది 0.4 నానోమీటర్లే, 7 నానోమీటర్ల ఫిల్టర్‌లో హాయిగా పడుతుంది. కానీ పర్సియస్ క్లస్టర్‌లోని ఎన్‌జీసీ 1275 చుట్టూ ఉన్న వాయువు తీగల మీద ఆశపడి ఇదే ఫిల్టర్‌తో కూర్చోకు. అక్కడ గీత దాదాపు 11.5 నానోమీటర్లు జరిగి ఫిల్టర్ బయటికి వెళ్లిపోతుంది.

రోజెట్ నెబ్యులా గురించి కూడా అడిగావు. అది చాలా సులువు. మన గెలాక్సీలోదే, నిండా వాయువే, వెనక డిస్క్ వెలుగు గొడవ లేదు. రెండు స్టాక్‌ల నుంచీ స్టార్‌నెట్‌తో నక్షత్రాలు తీసెయ్, ఆల్ఫాని, బ్రాడ్‌బ్యాండ్‌ని విడివిడిగా స్ట్రెచ్ చెయ్, రెడ్ మీద ఆల్ఫాని స్క్రీన్ పద్ధతిలో వెయ్: 1 − (1 − రెడ్) × (1 − ఆల్ఫా). ఆల్ఫాని ముందు సగానికి తగ్గించి మొదలుపెట్టు. నక్షత్రాలు మాత్రం బ్రాడ్‌బ్యాండ్‌వే తిరిగి పెట్టు, వాటి రంగులు డ్యూయల్ బ్యాండ్‌లో ఎప్పటికీ రావు.

రాత్రుల పంపకంలో నీ ఆలోచన మంచిది, కొంచెం సవరిస్తాను. వెన్నెల్లో ఆల్ఫా తియ్యి, సరే. కానీ డ్యూయల్ బ్యాండ్‌లో ఆక్సిజన్ కూడా వెన్నెల్లో వస్తుందని ఆశపడకు. చంద్రుడి వెలుగు ఆకాశంలో చెదిరేది నీలం వైపే ఎక్కువ, 500 దగ్గర దెబ్బ బాగా తగులుతుంది. ఆక్సిజన్ కావాలంటే ఒకటి రెండు చీకటి రాత్రులు దానికీ ఇవ్వాలి. ఊళ్లలో ఇప్పుడు ఎల్‌ఈడీ వీధి దీపాలే ఎక్కువ. వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి పాత సోడియం దీపాల కోసం చేసిన లైట్ పొల్యూషన్ ఫిల్టర్లు కొని డబ్బు పోగొట్టుకోకు. బ్రాడ్‌బ్యాండ్‌కి మందు మీ మావయ్యగారి ఊరే.

మన కొండల్లో ఇంకొకటుంది. మార్చి వచ్చేసరికి రాయగడ, కోరాపుట్, మా గజపతి కొండల్లో పోడు మంటలు మొదలవుతాయి, పొగ రోజుల తరబడి లోయల్లో నిలబడుతుంది. పొగ నీలాన్ని ఎక్కువ చెదరగొడుతుంది, ఎరుపు కొంతవరకు దాటుకుని వస్తుంది. అందుకని నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అమావాస్య రాత్రులన్నీ బ్రాడ్‌బ్యాండ్‌కే. అక్టోబర్‌ని నమ్ముకోకు, తుపాన్ల నెల. పొగ మొదలయ్యాక రోజెట్ ఆల్ఫా తీసుకో, అప్పటికి సాయంత్రం చీకటి పడేసరికి అది నెత్తి మీదికి వచ్చేసి ఉంటుంది. ఎం33 నవంబర్‌లో మన అక్షాంశానికి దాదాపు 78 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది, అంతకంటే మంచి చోటు ఇంకెక్కడా దొరకదు. డిసెంబర్‌లో కాశీపూర్ వైపు తెల్లవారుజామున మంచు దిగుతుంది, లెన్స్‌కి డ్యూ హీటర్ కట్టు. ఫ్లాట్స్ (దుమ్ము మచ్చలు సరిదిద్దడానికి సమంగా వెలిగే తెర మీద తీసే ఫొటోలు) మర్నాడు తీసుకోవచ్చులే అనుకోకుండా కెమెరా విప్పకముందే తీసెయ్. ఫ్లాట్స్ సరిగ్గా లేకపోతే ఆ దుమ్ము మచ్చలు తీసివేతలో నల్ల గుండ్రాలుగా తేలి, కె తప్పేమో అని నిన్ను తిప్పలు పెడతాయి.

మళ్లీ చేశాక కలిపిన చిత్రం ఒక్కటే పెట్టకు. కాలిబ్రేట్ అయిన రెడ్, ఆల్ఫా, శుద్ధ ఆల్ఫా, మూడూ లీనియర్‌గా ఉన్న ఫిట్స్ ఫైళ్లు పెట్టు, నువ్వు వాడిన కె, క్యూ రాయి. నేనూ నా కంప్యూటర్‌లో కొలిచి చూస్తాను.